వంగమొక్కల నింద

మొన్న భవానీపూర్‌లో మా మేడమీద కుండీలో వంగమొక్క ఒకటి ఆకు పచ్చగా ఉండగానే తల వేలాడేసింది, ఎన్ని నీళ్లు పోసినా లేవలేదు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే మా కోడలు దాని కాండం కోసి గాజుగ్లాసు నీళ్లలో వేలాడదీస్తే, కాసేపటికి కోసినచోటు నుంచి పాలలాంటి తెల్లటి దారం కిందికి దిగింది. ఆ దారమంతా ఎండు తెగులు సూక్ష్మజీవులేననీ, ఆ తెగులు మట్టిలో దాగి ఉండి నీళ్లతో మొక్క నుంచి మొక్కకు పాకుతుందనీ చెప్పి ఆమె గ్లాసు తీసేయబోతే, ఉండనిమ్మన్నాను. ఆ దారం చూడవలసిన మనిషి ఒకామె ఉండేది.

ఆమె మా పెద్దమ్మ. నాన్న ఈ ఊరి ఓడరేవులో పనిచేసే రోజుల్లో, వాట్‌గంజ్‌లో మా రెండిళ్లకూ ఒకటే వాకిలి. శ్రీకాకుళం నుంచి కొంగున ముడివేసి తెచ్చిన విత్తనాలతో, కుళాయి పక్కనున్న అదే మట్టిలో ఏటా వంగ వేసేది. చేపలు కడిగిన నీళ్లు వరుస మొదట్లో పోస్తే అవి చివరి మొక్కదాకా పారేవి. బయట చేరిన ఆడది పచ్చని మొక్కను ముట్టరాదని మా ఇళ్లలో కట్టడి. నేను పెద్దమనిషినైన ఏడే, సరిగ్గా పూత మీద, ఆ మొక్కలు మొదటి నుంచి ఒక్కొక్కటే వాడిపోయాయి.

కుళాయి దగ్గర అందరి ముందూ నిలదీసింది.

"ఏటే, బయటున్నదానివి, మొక్క ముట్టీసినావు కదూ?"

"నాను ముట్నేదు పెద్దమ్మా."

"మరెవులు ముట్టినారు? కాళీఘాట్ నుండి అమ్మోరొచ్చి ముట్టిందేటి?"

అందరూ నవ్వారు. మా అమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అది నేను మరిచిపోలేదు. మరుసటేడు ఆ ఛాయలకే పోలేదు, అయినా మొక్కలు వాడాయి. "ముట్టాలేటి, దాని నీడ సాలదా" అంది. నా పెళ్లిలో మా అత్తగారితో కూడా, దీన్ని మొక్కల దగ్గరికి రానీకండి అని నవ్వుతూనే చెప్పింది.

అందుకే పంతంగా ఏటా వంగ పండించి ఆమెకు బుట్టెడు పంపేదాన్ని. ఇచ్చిన పాత్రను ఉత్తదిగా తిప్పి పంపకపోవడం మనవాళ్ల మర్యాద. నా బుట్ట మాత్రం ఎప్పుడూ ఉత్తదిగానే వచ్చేది. ఆమె పోవడానికి ముందటి చలికాలం మాత్రం అడుగున గుడ్డముడిలో వంగవిత్తనాలు వచ్చాయి. తప్పు ఒప్పుకుందో, మళ్లీ వాడబెట్టుకోమని ఎత్తిపొడిచిందో, ఇప్పటికీ నాకు తెలియదు. మొన్న వాడింది ఆ విత్తనాల సంతతే.

వాట్‌గంజ్ వాకిలికి ఇప్పుడు సిమెంటు పోశారు. మా కోడలు నెలలో అన్ని రోజులూ మొక్కలు ముడుతుంది, ఎవరూ ఏమీ అనరు. నా నీడ తప్పు లేదని చెప్పే సాక్ష్యం ఇన్నాళ్లకు గ్లాసెడు దొరికింది. అందరూ నవ్విన ఆ కుళాయి దగ్గర ఇప్పుడు చూసేందుకు ఒక్కరూ మిగల్లేదు.