గోడ మీద తొమ్మిదో పేరు

కొబ్బరిచెట్టు ఎక్కి దిగేలోపు ముగ్గురితో తగువు పెట్టుకోగల మనిషి మా ఊళ్లో పోలారావు మావ ఒక్కడే. పైనుంచే మాట్లాడతాడు. కింద వెళ్లేవాళ్లు తలెత్తి జవాబు చెప్పాలి. ఎప్పుడు గెల మీద పడుతుందోనని చాలామంది అతను చెప్పిందల్లా ఒప్పేసుకుని వెళ్లిపోతారు. మావకు అరవై దాటింది. మోకాళ్లు నొప్పులంటాడు గానీ, అవి నేల మీద ఉన్నప్పుడే. చెట్టు మీద నొప్పి ఉండదట.

వాళ్లది మా పక్కిల్లు. నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసి జీడిపిక్కల పనిలో చేరాను. పలాస ఫ్యాక్టరీకి వెళ్లని రోజుల్లో వాళ్ల అరుగు మీద కూర్చుని, మావ భార్య రత్నాలమ్మత్తతో కలిసి పిక్కలు ఏరుతుంటాను. నేను ఎక్కువ మాట్లాడను. మావకు కావలసింది అలాంటి మనిషే.

మావ ఒకప్పుడు మా ఊరి ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపరు. పద్దెనిమిదేళ్లు ఆడాడు. జీడితోటల మధ్య ఇసుక నేల, కాళ్లకు చెప్పుల్లేవు, రెండు కొబ్బరి మొద్దులు పాతితే అదే గోలు. ఆ నేల పక్కనే మొన్న వేసవిలో యువజన సంఘం వాళ్లు ఒక గది కట్టారు. పాత ఆటగాళ్లలో గొప్పవాళ్ల పేర్లు దాని గోడ మీద రాయిస్తామని సంఘం కార్యదర్శి లోకనాథ్ చాటాడు. రోడ్డు మీదికి కనబడేంత అక్షరాలైతే గోడకు తొమ్మిది పేర్లే పడతాయి.

ఎనిమిది పేర్లు ఒక్క సాయంత్రంలో తేలిపోయాయి. ఆ ఎనిమిదిమందిలో అయిదుగురు ఇప్పుడు లేరు. ఎక్కువమంది మా ప్రాంతపు కిడ్నీ జబ్బుతో పోయినవాళ్లే. వాళ్ల పేర్ల దగ్గర ఎవరూ నోరెత్తలేదు.

"సచ్చినోలకి పోటీ నేదు," అన్నాడు మావ ఇంటికొచ్చి. "రేపు నానూ సెట్టు మీంచి పడిపోతే సరి. పేరు రాసెత్తారు."

"పడితే పడుదువు గాని, ముందు ఆ బిందెడు నీలు తెచ్చి పడు," అంది అత్త.

తొమ్మిదో పేరు దగ్గర ఇద్దరు మిగిలారు. ఒకరు మావ. రెండోవారు సీతారాం మాస్టారు. ఆయన మా ఊరి బళ్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి, ఆ జట్టుకు ఆట నేర్పినాయన. ఇక నెల రోజులు కామేశ్ టీకొట్టు దగ్గర వేరే మాట లేదు.

"ఆయన ఎప్పుడైనా బంతి తన్నినాడేటి?" అనేవాడు మావ. "ఈల ఊదినాడు. ఈల ఊదినోడికల్లా పేరెడితే పలాస టేసన్లో గార్డుకీ ఎట్టాల!"

కామేశ్ ఒకప్పుడు అదే జట్టులో ఆడినవాడు. మాస్టారి పక్షం. "ఆయన నేకపోతే బంతికి ముందుండాలో ఎనకుండాలో మనకెవులు సెప్పీవోరు బావా? పదిమందీ బంతి మీదే పడిపోయీవోలం, బెల్లం మీద ఈగల్లాగ."

"నాను పడ్డానేటి? పద్దెనిమిదేళ్లు ఒక్క సోటే నిలబడ్డాను!"

"నిలబడ్డావు. టెక్కలి ఫైనల్లో మాత్రం సగం ఆటకే కూకుండిపోనావు."

ఆ మాట వచ్చిందంటే మావ గ్లాసు అక్కడే పెట్టి లేచి వచ్చేసేవాడు.

ముప్పై ఏళ్ల కిందటి మాట అది. టెక్కలిలో కోటబొమ్మాళి జట్టుతో ఫైనలు. సగం ఆటకు మావ రెండు గోల్స్ వదిలేశాడు. మాస్టారు అతన్ని బయట కూర్చోబెట్టి ఇంకొకడిని నిలబెట్టారు. మా ఊరు మూడు గోల్స్ కొట్టి గెలిచింది. కప్పుతో తీసిన ఫొటోలో మావ చివర్న నిలబడి ఎటో చూస్తుంటాడు.

"ఎండ నా కళ్లల్లో పడినాది. రెండో సగంలో గోలు మారిపోద్ది కదా, ఆ ఎండ ఆల కళ్లల్లో పడును. ఆ మాత్రం ఆగలేకపోనాడు మాస్టారు!" ముప్పై ఏళ్లుగా ఇదే లెక్క.

ఒకరోజు మావ చెట్టెక్కడానికి వెళ్లాక అత్త పిక్కలు ఏరుతూనే అంది. "ఎండా నేదు, ఏటీ నేదు. ఫైనలుకి ముందు, ఆ పొద్దున్న ఆటలోనే ఈయన సిటికినేలు ఇరిగినాది. ఎవులికీ సెప్పకుండా గుడ్డ సుట్టుకోని నిలబడినాడు. మాస్టారు సూసీసినారు. ఇంకో దెబ్బ తగిలితే సెయ్యే పనికిరాకపోను అన్నాడు కట్టు కట్టినోడు. సెయ్యి నేకపోతే సెట్టెలా ఎక్కుతాడే? మేం ఏటి తిందుం?"

మావ చిటికెనవేలు ఇప్పటికీ వంకరే. చెట్టెక్కేటప్పుడు మిగతా నాలుగు వేళ్లూ మానును పట్టుకుంటే అదొక్కటే పక్కకు నిలబడి చూస్తుంటుంది.

వాదన తెగలేదు. లోకనాథ్ చివరికి పిక్కల పద్ధతి పెట్టాడు. మా ఊళ్లో అమ్మవారి పండగకు పెద్ద ఎవరో తేలనప్పుడు చేసేది అదే. ఇంటికొక మనిషి తన తోటలో పిక్క ఒకటి గుప్పిట్లో పట్టుకొస్తాడు. తడిక వెనక రెండు కుండలుంటాయి. ఏదో ఒక దాంట్లో వేసి వస్తాడు. లెక్కయ్యాక ఆ పిక్కలన్నీ ఎండు కొబ్బరాకుల మంటలో కాల్చుకుని, కొట్టుకుని తినేస్తారు. మళ్లీ లెక్కపెట్టమని అడగడానికి ఏమీ మిగలదు.

మావ వారం రోజులు ఊరంతా తిరిగాడు. చెట్ల మీంచి కూడా అడిగాడు. కామేశ్ పెరట్లో చెట్టెక్కి, మాట ఇచ్చేదాకా కాయలు దించనని కూర్చున్నాడట. నన్నూ వదల్లేదు.

"మీయింటి పిక్క ఎవులికే తనూజా?"

"మా నాన్న ఏత్తాడు మావా."

"మీ నాన్నకి సెప్పు, మన గోడ మీద ఉండాల్సింది మన పేరేనని."

ఓటు రోజున లోకనాథ్ ఒక కుండకు ఈల, ఇంకో కుండకు చిరిగిన గ్లౌజు కట్టాడు. అరవై ఒక్క ఇళ్లు. అందరికన్నా ఆఖర్న మావ వెళ్లాడు. గుప్పిట బిగించి, ఊరందరికీ దండం పెట్టి మరీ తడిక వెనక్కి వెళ్లాడు. కాస్త ఎక్కువసేపే ఉన్నాడు.

"తనూజా, నువ్వు లెక్కెట్టు. నీ సేతులకి అలవాటు కదా," అన్నాడు లోకనాథ్. అందరూ చూస్తుంటే తల దించుకునే కూర్చున్నాను. గ్లౌజు కుండలో ముప్పై. ఈల కుండ కుమ్మరించాను.

తిత్లీ తుఫానుకు మా ఊళ్లో పాత జీడిచెట్లన్నీ పడిపోయాయి. ఇప్పుడున్నవన్నీ నర్సరీ మొక్కలు, వాటి పిక్క పెద్దది, తెల్లగా ఉంటుంది. మావ ఇంటి వెనక పాత చెట్టు ఒక్కటే మిగిలింది. దాని పిక్క చిన్నది, గట్టిగా వంగి ఉంటుంది, మొదలు దగ్గర పుట్టుమచ్చలాంటి నల్లచుక్క. వెయ్యి పిక్కల్లో కలిపినా నేను తీసి ఇవ్వగలను.

ఈల కుండలోంచి పడ్డ గుట్టలో అది కనబడింది. చెయ్యి ఆగిపోయింది.

"ఏటయినాది? లెక్క తప్పినావా?" అన్నాడు లోకనాథ్.

"నేదు," అన్నాను. "ముప్పై ఒకటి."

గ్లౌజు కుండలో మళ్లీ చూశాను. చుక్క ఉన్న పిక్క అందులో లేదు. ఈల కుండ పిక్కలు మంట దగ్గరికి ఇచ్చేటప్పుడు ఆ చుక్క పిక్క నా గుప్పిట్లోనే ఉండిపోయింది.

మావ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఒక్క పిక్క! ఒక్క పిక్కకి అమ్ముడైపోనారు! ఈ ఊల్లో నానింక సెట్టెక్కితే ఒట్టు!" అని వెళ్లిపోయాడు. కాల్చిన పప్పు పంపితే మాత్రం తిన్నాడు. మర్నాడు పొద్దున్నే మావ కామేశ్ పెరట్లో చెట్టు మీద ఉన్నాడు.

పేరు రాయడానికి పెయింటరు వచ్చిన రోజున నిచ్చెన పట్టుకున్నదీ మావే. "ఇంకా పెద్దగా రాయరా. ఆయనకి సూపు ఆనదు. పక్కనున్న జాగా కూడా వాడీ, అక్కడింకెవులూ రారు."

కాసేపటికి సీతారాం మాస్టారు కర్ర పొడుచుకుంటూ వచ్చారు. పైకి చూడలేదు. ముందు నిచ్చెన దగ్గరికి వెళ్లారు.

"పోలిగా, ఏలు ఎలాగుందిరా?"

మావ గబుక్కున చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. నిచ్చెన ఊగి, పైనున్న పెయింటరు కెవ్వుమన్నాడు.

"ఏలికేటి మాస్టారూ," అన్నాడు మావ, మళ్లీ నిచ్చెన పట్టుకుని. "సెట్టెక్కుతాది."

ఆ సాయంత్రం అరుగు మీద, మావ ముందు ఆ పిక్క పెట్టాను. మావ పిక్కను చూశాడు, నన్ను చూశాడు, తర్వాత వంటింటి వైపు చూశాడు.

"ఎంతమందికి సెప్పినావే?"

"ఎవులికీ నేదు మావా."

"మీయత్తకి?"

తల అడ్డంగా ఊపాను. మావ ఆ పిక్క తీసి, అత్త ఏరి పోసిన కుప్పలోకి విసిరేశాడు. నేనైతే దాన్ని ఇప్పుడైనా వెతికి తీయగలను. ఆ సంగతి అతనికీ తెలుసు.

"సెప్పకు," అన్నాడు గొంతు తగ్గించి. "ఈ సమ్మచ్చరమంతా నాను ఊరిని తిట్టుకోవాల."

అప్పుడే కామేశ్ సైకిలు మీద పోతున్నాడు. మావ అరుగు మీంచి లేచి నిలబడ్డాడు.

"ఓరి కామేశూ! ఆగరా! నీ పిక్క ఏ కుండలో ఏసినావో నిజం సెప్పి మరీ కదులు!"