ఎవరి జాగ మీద వాళ్ళ మన్ను

పోయిన ఆదివారం మా ఏసయ్య గుడిలో ప్రసంగం మధ్యలో స్లాబు నుంచి ఒక నీటిచుక్క జారి సంఘపెద్ద బట్టతల మీద పడింది. ఆయన తుడుచుకుని పైకి చూశాడు. రెండో చుక్క కూడా పడేసరికి కుర్చీ పక్కకు జరుపుకున్నాడు. ఆరాధన అయ్యాక కుర్రవాళ్ళంతా చేరి స్లాబు పోసిన మేస్త్రీని తిట్టుకున్నారు. నేను మాత్రం చుక్క పడగానే ఆయన భార్య ముఖంలోకి చూశాను, ఈ ఏడు వీళ్ళింట్లో ఏం జరిగి ఉంటుందా అని. ఎనభై దాటినా ఆ పాడు అలవాటు పోలేదు. నేను కాపురానికి వచ్చిన రోజుల్లో కప్పు కారితే మేస్త్రీని తిట్టే వీలు లేదు. కింద కూర్చున్నవాళ్ళదే తప్పు.

అప్పుడు పెద్ద యుద్ధం నడుస్తోంది. మా పుట్టిల్లు గద్వాల దగ్గర, కృష్ణకు అవతల. అక్కడి మా ప్రార్థన ఇల్లు ఒట్టి గడ్డికప్పు. అత్తగారి ఊరు వనపర్తి నుంచి నాగర్‌కర్నూలు పోయే దారిలో కొంత లోపలికి ఉంటుంది. ఇక్కడ గుడికి మట్టి మిద్దె. దూలాల మీద కట్టెలు, కట్టెల మీద ఆకు, ఆకు మీద మన్ను, అన్నిటికీ పైన నీటిని కిందికి దిగనివ్వని చౌడు. ఏటా రోహిణి ఎండల్లో, మిరుగం వానలకు ముందే, పాత చౌడు మీద కొత్తది పోయాలి. ఆ పోయడంలోనే ఉంది ఈ ఊరి వింత. గుడిలో ఏ కుటుంబం ఎక్కడ చాప వేసుకుని కూర్చుంటుందో, మిద్దె మీద సరిగ్గా ఆ చోటికి ఆ కుటుంబమే చౌడు మోసి, పరిచి, దిమ్మిసతో కొట్టాలి. పిట్టగోడ మీద సున్నంతో గీతలు కూడా ఉండేవి. బద్ధకించిన వాళ్ళ నెత్తిన శ్రావణంలో చుక్క పడేది, అందరి తలలూ అటు తిరిగేవి. పాస్టరు అయ్యగారి ప్రసంగం కంటే ఆ చుక్కల మీదే నా ధ్యాస ఎక్కువగా ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గు లేదు.

నా కుతూహలమంతా ఆడవాళ్ళ వైపు రెండో కిటికీ పక్కన ఉన్న ఒక ఖాళీ చోటు మీద. గుడి ఎంత కిక్కిరిసినా అక్కడ ఎవరూ కూర్చోరు. కూర్చునేవాళ్ళు లేనప్పుడు పైన మన్ను పోసేవాళ్ళు ఉండకూడదు, అక్కడ ధారలు కట్టాలి. కానీ గుడి మొత్తంలో పొడిగా ఉండేది ఆ చోటే. రోహిణి వచ్చి మిద్దె ఎక్కాక గానీ సంగతి తెలియలేదు. మా అత్త మా జాగ ముగించి, ఊపిరి కూడా తిప్పుకోకుండా పక్కనే, సరిగ్గా ఆ ఖాళీ చోటికి పైనున్న జాగలో గంప బోర్లించింది. అక్కడ ఇంకా ఒత్తుగా, అరచేత్తో నిమిరి మరీ పరిచింది.

"అత్తా, గా జాగ ఎవరిది?" అన్నాను.

"దేవుని గుడిల దేవునిది కాని జాగ ఉంటదా? గంప ఎత్తు పిల్లా," అంది.

అత్త దగ్గర పప్పులుడకవని మామను పట్టుకున్నాను. మామ మాట తక్కువ మనిషి. చుట్ట రెండుసార్లు ఆరిపోయేదాకా చెప్పింది ఇంతే. ఆ చోటు ఆయన అన్న భార్యది, అంటే నాకు పెద్దత్త. ఆరేళ్ళ కింద ఒక ఆదివారం ఆమె జాగలో కప్పు కారింది. ఆ నీళ్ళు పారి మా అత్త కొత్త చీర తడిసింది. అత్తకు నోరు ఆగదు. సంఘం మొత్తం వింటుండగా, నోటితో మన్ను మోస్తే కప్పు ఆగుతుందా అని అనేసింది. పెద్దత్త లేచి వెళ్ళిపోయింది. ఆ నెలలోనే మొగుడూ పెళ్ళాం నల్లమలలో వెదురు కొట్టే పనికి మన్ననూరు చేరారు. వాళ్ళు పోయాక తెలిసింది, ఆ రోహిణిలో ఆమెకు కడుపు పోయిందని, ఎవరికీ చెప్పుకోక మంచం మీదే ఉండిపోయి మన్ను పోయలేకపోయిందని. అప్పటి నుంచి అత్త ఆ జాగకు మన్ను పోస్తోంది. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

మరుసటి ఎండాకాలం మా అయ్యగారు గుడి బాగు చేయించాలని పూనుకున్నారు. మట్టి మిద్దె తీసేసి జింకు రేకులు, చాపలు తీసేసి బెంచీలు. అందరికీ సంబరమే, మోత తప్పుతుంది కదా. మా అత్త ఒక్కతే లేచి, రేకు కింద ఎవరి జాగ ఏదో ఎట్ల తెలుస్తదని అడిగింది. జనం నవ్వారు. నాకు నవ్వు రాలేదు. జాగలే లేకపోతే ఆమెకు మన్ను పోసే చోటే ఉండదు. ఇన్నేళ్ళుగా ఆమె చెప్పుకుంటున్న క్షమాపణ ఆ ఒక్కటే.

రేకుల కింద కట్టడానికి మన్ననూరు నుంచి వెదురు బండి వచ్చింది. బండాయన పెద్దత్త వాళ్ళ గూడెం వాడేనని తెలిసి, అత్త కంట పడకుండా అతనికి మజ్జిగ ఇచ్చి ఒక మాట పంపాను. "ఆమె జాగ ఇంతవరకు ఒక్కసారి గూడ కారలేదని చెప్పు. మన్ను ఎవరు పోస్తున్నరో వచ్చి చూసుకొమ్మను." అత్తకు తెలిస్తే నన్ను గద్వాల బండి ఎక్కించేదే.

మిరుగానికి ఇంకా చాలా రోజులున్నాయన్న ధీమాతో ఆడవాళ్ళ వైపు కప్పు విప్పేశారు. రేకులేమో రైలు దిగలేదు. యుద్ధానికి పోయాయన్నారు. వాన మాత్రం మిరుగం దాకా ఆగలేదు. రోహిణిలోనే దంచింది. కుప్పగా పోసిన చౌడు బురదై వీధిలోకి పారింది. గోడలు నానితే గుడే కూలుతుంది. ఎవరి జాగ మీద వాళ్ళు జొన్నచొప్ప పరచమన్నారు అయ్యగారు. ఎండాకాలం చివర, పశువులకే చొప్ప లేదు. మా ఇంట్లో ఉన్నది ఒక్క జాగకే సరిపోతుంది. అత్త నిచ్చెన ఎక్కి ఆ చొప్పంతా కిటికీ పక్క జాగ మీద పరిచి దిగింది. మాది బోసిగా ఉండిపోయింది. నేను నోరు తెరవబోతే మామ నా వైపు చూసి వద్దన్నట్టు తల ఊపాడు.

ఆ తరువాతి ఆదివారం వానలోనే ఆరాధన. అత్తా నేనూ కొంగులు నెత్తిన వేసుకుని తడుస్తూ కూర్చున్నాం. పాట సగంలో ఉండగా గుమ్మంలో ఒక మనిషి నిలబడింది. నడివయసు, కాళ్ళకు అడవి దారి బురద, చంకలో వెదురు తడిక. జనం పాట మరిచి చూస్తున్నారు. ఆమె పైన బోసి దూలాలను చూసింది, వాటి మధ్య ఒక్కచోట ఒత్తుగా పరిచిన చొప్పను చూసింది, దాని కింద పొడి నేలను, పక్కనే ముద్దగా తడిసిన మా అత్తను చూసింది. వచ్చి తన చోట కూర్చుంది. అత్త తల ఎత్తలేదు.

"నాకు తెల్వకపాయె అక్కా," అంది నేలను చూస్తూనే.

"తెల్వదనే అనుకున్న. ఇటు జరుగు చెల్లె, ఇద్దరికి సరిపోతది."

అత్త జరిగింది. వానకు తడిసిన ముఖమే కాబట్టి ఏడ్చిందో లేదో నాకు తెలియలేదు. నేను మాత్రం ఏడ్చాను. మాట పంపింది నేనేనని అత్తకు చివరిదాకా చెప్పలేదు. తెలిసే ఉంటుందని నా అనుమానం.

రేకులు ఆ ఏడు పంట కోతలయ్యాక వచ్చాయి. వాన పడితే వాటి మోతలో అయ్యగారి మాట ఒక్కటీ వినపడేది కాదు. తరువాత పెంకు వచ్చింది, ఇప్పుడు స్లాబు. వాళ్ళిద్దరూ పోయి ఎన్నేళ్ళయిందో లెక్క తప్పింది. కాలం ఆ గుడికి ఎన్ని కప్పులు మార్చినా, రెండో కిటికీ పక్కన కూర్చునేటప్పుడు ఇంకో మనిషికి సరిపడా చోటు వదలడం నేను ఇంకా మానలేదు.