రైలు కూస్తే ఉప్పు

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో రాత్రిళ్లు కంటి మీద కునుకు ఉండేది కాదు. సూర్యాపేట రోడ్డు మా ఇంటికి కూతవేటు దూరం. లారీ పోయిన ప్రతిసారీ ఉలిక్కిపడి లేచేదాన్ని. మా అత్త లింగమ్మ వాకిట్లో మంచం మీద పడుకునే ఇదంతా గమనించింది. రెండు రోజులు ఊరుకుని ఆ తర్వాత అడిగేసింది.

"ఏందే, నిద్రపోవా?"

"లారీల సప్పుడు అత్తమ్మా."

"గిది సప్పుడా? తలకాయ పక్కకెల్లి రైలు పోతుంటె పండుకున్నదాన్ని నేను. నెత్తి మీదికెల్లి గాలిమోటర్లు పోతుంటె పండుకున్న. లారీకి బెదురుతరా ఎవరన్న?"

మా అత్త తీరే అంత. మనకు ఏ కష్టం వచ్చినా, అంతకంటే పెద్దది తను ఎప్పుడో పడి, దాన్ని గెలిచి, పక్కన పెట్టి ఉంటుంది. మొదట్లో ఒళ్లు మండేది. ఆమె చెప్పిన రైలు కథను నేను ఊరికే నమ్మలేదు కూడా. మా మామకు అన్న జానయ్య. ఆయన్ను నేను పెదమామ అంటాను. ఆయన ఒంటరిగా దొరికినప్పుడు కదిలించి చూశాను. ఆశ్చర్యం ఏమిటంటే, ఏ సంగతికీ ఒక్క మాట మీద ఉండని ఆ ఇద్దరూ ఈ సంగతి మాత్రం అక్షరం తేడా లేకుండా చెప్పారు. అందుకే ధైర్యంగా రాస్తున్నాను.

మా అత్త పుట్టిల్లు మిర్యాలగూడ దగ్గర. అత్తిల్లు ఈ ఊరు. మేం గొల్లలం. సెంటు భూమి లేదు, గొర్రెలే ఆస్తి. నిజాం పాలన చివరి రోజుల్లో, మా ఆయన పెద్దులు ఇంకా పాలు తాగే పిల్లవాడుగా ఉండగానే, మామ బక్కయ్య గత్తర, అంటే కలరా, తగిలి పోయాడు. మా కులంలో ఒక కట్టు ఉంది. తమ్ముడు పోతే అతని గొర్రెలు అన్న మందలో కలుస్తాయి. కొడుకు పెద్దవాడయ్యాక భాగం పంచిస్తారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఒకే తండ్రి బిడ్డలు కాబట్టి అన్నదమ్ములిద్దరి గొర్రెలకూ చెవి మీద గాటు ఒకటే. పదిహేనేళ్ల తర్వాత ఏది ఎవరిదో ఎవరు తేల్చాలి? చచ్చినవన్నీ తమ్ముడివి, బతికినవన్నీ అన్నవి అంటే ఎవరు కాదంటారు? అత్తకు మొగుడు పోయిన దుఃఖం ఒక పక్క, ఈ దిగులు ఒక పక్క. నా గొర్రెలు నాకు వేరుగా ఇవ్వమని ఆమె పెదమామను అడిగింది. ఆయన నవ్వాడట.

"ఆడది రాత్రి మందల పండుకుంటదా ఏడన్న? నీ కొడుకు పెద్దగయినంక సూద్దం తియ్."

ఆ ముచ్చట తెగకముందే రజాకార్ల క్యాంపు మా ఊరి పక్కన పడింది. రోజూ వచ్చి మందలోంచి రెండేసి గొర్రెలను పట్టుకుపోవడం మొదలుపెట్టారు. నలభై ఎనిమిది వేసవిలో, ఇక లాభం లేదని, పెదమామ మంద తోలుకుని నిజాం సరిహద్దు దాటాడు. పిల్లవాణ్ని వీపుకు కట్టుకుని అత్త కూడా బయల్దేరింది. మునగాల, కోదాడ, జగ్గయ్యపేట, నందిగామ. ఎక్కడ చూసినా మాలాగే పారిపోయి వచ్చినవాళ్ల మందలే. గడ్డిపరక మిగల్లేదు. నడిచి నడిచి కొండపల్లి దగ్గర రైలు కట్ట పక్కన తేలారు. అక్కడ తిరుపతయ్య అనే రైతు, తన పొలంలో రాత్రిళ్లు మంద పెట్టమన్నాడు. గొర్రెలు పడుకున్న చోట ఎరువు పడుతుంది, అందుకు రైతు గింజలు కొలిచి ఇస్తాడు. పైగా కట్ట పొడవునా పచ్చగడ్డి, అడిగేవాడు లేడు.

పెదమామ అంతకుముందు రైలును దగ్గర్నుంచి చూడలేదు. ఈదురుగాలి తగలకుండా కట్ట బాగా అడ్డం ఉందనుకుని, సరిగ్గా దాని కిందే మంద పెట్టాడు. నడిరేయి గూడ్సు బండి వచ్చింది. నేల అదిరింది, కూత పెట్టింది, కట్ట మీద నిప్పురవ్వలు లేచాయి. మంద మొత్తం ఒక్కసారిగా లేచి, దిక్కు తెలియక కట్ట ఎక్కేసింది. తెల్లారి చూస్తే పట్టాల వెంబడి చాలా దూరం దాకా గొర్రెల కళేబరాలు. అత్త ఆ సంగతి చెప్పేటప్పుడు ఎప్పుడూ గొంతు తగ్గించేది. అంత ధీమా మనిషి అక్కడ మాత్రం తడబడేది.

పెదమామ గుండె జారిపోయింది. ఉన్నవాటిని బెజవాడ కసాయికి అమ్మేద్దామన్నాడు.

"అమ్మి?" అని అడిగింది అత్త.

"అమ్మి కూలికి పోదం. పాణం దక్కితె సాలు."

"నీవి నువ్వు అమ్ముకో బావా. నావి నాకియ్యి."

"ఇచ్చినంక? రాత్రి మందల నువ్వు పండుకుంటవా? గీ రైలు పక్కన?"

"పండుకుంట."

కోపంలో ఆయన ముసలివీ, కుంటివీ ఏరి ఆమె ముందుకు తోలాడు. ఊరికి పోయిన తర్వాత మళ్లీ మంద ఒకటేనని, ఇది కేవలం ఆమె తిక్క కుదరడానికేనని కూడా అన్నాడు. తనవి తోలుకుని రైలు చప్పుడు వినపడనంత దూరం, కొండ అవతలికి వెళ్లిపోయాడు. తిక్క కుదిరి తెల్లారేసరికి తన వెనకే వస్తుందనుకున్నాడు. అత్త మొగుడి గొంగడి కప్పుకుని, కొడుకును ఒళ్లో వేసుకుని మంద నడుమ కూర్చుంది. ఈసారి మందను కట్టకు దూరంగా జరిపి, చుట్టూ ముళ్లకంప అడ్డం వేసింది.

ముళ్లకంప గొర్రెల కాళ్లను ఆపగలదు గానీ బెదురును ఆపలేదు. ఆ సంగతి మొదటి రాత్రే తెలిసింది. రైలు రాకముందే గొర్రెల చెవులు నిక్కేవి. నేల వణుకు మనకంటే ముందు వాటి గిట్టలకు తెలుస్తుంది. అత్తకు అప్పుడు ఒక ఆలోచన తట్టింది. నిజాం ఇలాకాలో ఉప్పు కరువు, ఇక్కడ మాత్రం తిరుపతయ్య భార్య గింజలతో పాటు దొడ్డుప్పు దోసిళ్లతో పోసేది. గొర్రెకు ఉప్పు కంటే ఇష్టమైనది ఈ లోకంలో లేదు. చెవులు నిక్కగానే అత్త ఒడినిండా ఉప్పు పోసుకుని, దా, దా అని పిలుస్తూ మంద మధ్య తిరిగేది. రైలు పోయేదాకా నాకించేది. రైలు పోతే ఉప్పు బంద్.

ఒకరోజు పొద్దున తిరుపతయ్య అడిగాడట.

"ఏమ్మా, రాత్రంతా ఆ బండ్ల పక్కన ఒక్కదానివే ఉంటున్నావు, భయం లేదా నీకు?"

"భయమెందుకు లేదు పటేలా? కాళ్లు గజగజ వణుకుతయి. గొర్లకు తెల్వకుంటె సాలు."

కొన్నాళ్లకు గొర్రెలకు లెక్క కుదిరింది. కూత వినపడగానే బెదిరి పారిపోవడం మాని, మూతులు చాపుకుని అత్త చుట్టూ మూగేవి. రైలు కూస్తే ఉప్పు. అంతే వాటికి తెలిసింది.

అత్తకు మాత్రం చాలా తెలిసింది. గూడ్సు వస్తే ముందు నేల చెబుతుందనీ, మెయిలు వస్తే ముందు గాలి చెబుతుందనీ అనేది. వానకు తడిసిన రాత్రి కూత చెవిలో పెట్టినట్టు దగ్గరగా వినిపించేదట. మెయిలు కిటికీల్లో దీపాలు వెలుగుతుంటే, కూర్చునే కునుకుతున్న మనుషులు కనిపించేవారు. వాళ్లను చూసి జాలిపడేదట మా అత్త! ఆకాశం కింద గొంగడి కప్పుకుని, ముసలి గొర్రెలతో ఉన్న మనిషి, పైసలు పెట్టి టిక్కెట్టు కొన్నవాళ్లను చూసి జాలిపడడం ఏమిటని నేను నవ్వాను.

"నవ్వకే. నాకు కాళ్లు సాపుకునే జాగ ఉండె. ఆళ్లకు లేదు," అంది.

ఇంకో మాట కూడా చెప్పింది. అది పెదమామకు తెలియని మాట.

"మీ మామ యాదికొస్తె రైలు పోయేటప్పుడే ఏడ్సేదాన్ని. ఎంత గట్టిగ ఏడ్సినా ఎవ్వరికి ఇనపడకపోయేది. బండి పోంగనె కండ్లు తుడుసుకునేదాన్ని. మల్ల రాత్రి బండి ఉండనే ఉండె."

ఆ రాత్రి నాకు కూడా ఏడుపొచ్చింది. ఆమె ముందు ఏడిస్తే పరువు పోతుందని లేచి నీళ్ల కుండ దగ్గరికి వెళ్లాను.

వానలు ముదిరాక గాలిమోటర్లు, అంటే నిజాం మీదికి పోయే మిలిట్రీ విమానాలు, మొదలయ్యాయి. మొదటిసారి చీకట్లో ఆ చప్పుడు వచ్చినప్పుడు, ఎవరో ఆకాశంలో ఇసుర్రాయి తిప్పుతున్నట్టు ఉందట. ఊళ్లో జనం దీపాలు ఆర్పి ఇళ్లలోకి దూరారు. గొర్రెలు మాత్రం తీరిగ్గా లేచి అత్త దగ్గరికొచ్చి మూతులు చాపాయి. పైన పోతేనేం, అది కూడా రైలే వాటికి. అత్త వాటి నమ్మకం చెడగొట్టలేదు. ఉప్పు పెట్టింది.

కొండ అవతల పెదమామ మందకు ముసురులో గిట్టలు చెడ్డాయి. కసాయి కూడా వాటిని చూసి మొహం తిప్పుకున్నాడు. మిగిలినవాటిని తోలుకుని ఆయన మళ్లీ రైలు కట్టకే వచ్చాడు. అప్పటికి అత్త మందలో కొత్తగా పుట్టిన పిల్లలు గంతులేస్తున్నాయి. ఆయన తనవి తెచ్చి అందులో కలిపాడు. అత్త ఊరుకుంది. ఊరుకుంది గానీ, లోపల మళ్లీ పాత దిగులు మొదలైంది. ఇక ఇప్పుడు ఊరికి పోతే తన కష్టమంతా ఆయన పేరుకు పోతుంది.

పటేలు, పోలీసు, సర్కారు అన్నీ మారాయని, నిజాం లొంగిపోయాడని కబురొచ్చింది. బతుకమ్మ పండుగ లోపు ఇంటికి చేరాలని అందరూ వెనక్కి మళ్లారు. కోదాడ దాటేదాకా బాగానే నడిచింది. అక్కడ, పట్టపగలు, వెనక నుంచి మిలిట్రీ లారీలు వరసగా వచ్చాయి. అదే సమయానికి పైన ఒక గాలిమోటరు బాగా కిందుగా ఎగురుతూ పోయింది.

పెదమామ గొర్రెలు బెదిరి చేలల్లోకి చెల్లాచెదురయ్యాయి. గొర్రెలన్నాక చేసే పనే. అత్త గొర్రెలు మాత్రం ఏ గొర్రే చేయని పని చేశాయి. అత్త మంద వెనక నడుస్తోంది కాబట్టి చప్పుడూ ఉప్పూ ఒకే వైపని ఎంచి, అటే ఉరికి లారీల ముందుకు పోయి నిలబడ్డాయి. డ్రైవరు బ్రేకు తొక్కాడు, హారను కొట్టాడు. హారను కొట్టిన కొద్దీ ఇంకా దగ్గరికి జరిగాయి. వెనక లారీలన్నీ ఆగి గుర్రుమంటున్నాయి. అత్త రోడ్డు దిగి పిలిచింది. ఆ రొదలో ఆమె గొంతు వాటికి ఎక్కడ వినపడుతుంది?

అప్పుడు మా అత్త, వీపు మీద పిల్లవాడితో, వెళ్లి మొదటి లారీ ఎదురుగా నిలబడింది.

"ఓ అన్నా, నీ బండి నోరు మూయి! మూస్తెనే కదుల్తయి అవి!"

డ్రైవరుకు తెలుగు రాదు. ఆమె లారీని చూపించి, తన నోటి మీద చెయ్యి పెట్టుకుంది. అతను తెల్లబోయి ఇంజను ఆపాడు. ఇంతలో వెనక జీపులోంచి ఒక ఆఫీసరు దిగి, కళ్లెర్రజేసుకుంటూ వచ్చాడు. ఆడమనిషితో మాట్లాడేదేముందనుకున్నాడో ఏమో, రోడ్డు పక్కన కర్ర పట్టుకుని నిలబడ్డ పెదమామ మీదికి పోయాడు.

"కిస్కా హై యే?"

ఎవరివి ఇవి అని. పెదమామకు ఆ మాత్రం ఉర్దూ వచ్చు. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఇస్కా హై సాబ్, ఇస్కా," ఈమెవే అని వేలు అత్త వైపు చూపించాడు.

ఆఫీసరు తిరిగి చూశాడు. ఒక బక్కపలచని ఆడమనిషి, వీపున పిల్లవాడు, ఎదురుగా నోరు మూసుకున్న లారీ. ఏమనుకున్నాడో వెనక బండ్లను కూడా ఆపమని చెయ్యి ఊపాడు. ఒక్కొక్కటే ఆగాయి. రోడ్డంతా నిశ్శబ్దమైంది. అత్త పక్క చేనులోకి నడిచి, ఒడి విప్పి, దా, దా అంది. మందంతా బిలబిలమంటూ ఆమె వెంట దిగిపోయింది. వాటిని చూసి, చేలల్లో చెదిరినవి కూడా వచ్చి కలిశాయి.

ఊరు చేరాక కులపెద్ద ఇంటి ముందు పంచాయితీ పెట్టారు. పెదమామ తన వాదన చెప్పాడు.

"మంద ఒక్కటే. పెద్దోణ్ని నేనున్న. పోరడు పెద్దగయినంక ఆని పాలు ఆనికిస్త."

కులకట్టు ప్రకారం అది సరైన మాటే. పెద్దలు తలూపారు. అప్పుడు అత్త లేచింది. పంచాయితీలో ఆడవాళ్లు లేవడం అలవాటు లేదు.

"కోదాడ కాడ మిలిట్రాయన గివి ఎవరివని అడిగితె, నావని జెప్పిండు బావ. నేను ఒక్కమాట గూడ కల్పిస్తలేను. ఆయననే అడుగుండ్రి."

పెద్దలు సాక్ష్యం ఎవరని అడిగారు. ఎవరున్నారు? ఆఫీసరు ఎటు పోయాడో, లారీలు ఎటు పోయాయో. విన్నది వాళ్లిద్దరే. పెదమామ కాదంటే అక్కడితో ఆ మాట చచ్చిపోతుంది. ఔనంటే అత్త గొర్రెలు అత్తకే పోతాయి, పైగా మిలిట్రీకి భయపడి మరదలి వెనక దాక్కున్నాడని ఊరంతా నవ్వుతుంది. రైలు పక్కన పడుకున్న ఏ రాత్రీ ఆ క్షణంలో భయపడినంత భయపడలేదని అత్త నాతో అంది.

పెదమామ కర్ర కింద పెట్టి లేచాడు.

"ఔ, అట్లనే అన్న," అన్నాడు.

జనంలో నవ్వులు లేచాయి. కులపెద్ద వాళ్లను ఊరుకోబెట్టి, "భయానికి అన్నవా జానయ్యా?" అని అడిగాడు.

"భయానికే అన్న," అన్నాడు పెదమామ. "ఆలోచించే సందుంటె నావనే అనేటోన్ని. లేకపాయె. ఉన్నమాటనే వచ్చింది."