రబ్బరు రింగుకు అంటిన కుంకుమ

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం నలుగురు మనుషుల ప్రాణం ఒక రబ్బరు రింగు మీద ఆధారపడింది. ఆ రింగును పాడుచేసిన మహాతల్లిని నేనే. అప్పుడు నాకు పదేళ్లుంటాయి.

మాది ధర్మాబాద్ పక్కన చిన్న పల్లె. మిరుగం కార్తె వచ్చి వానలు పడకముందే మంచినీళ్ల బావిలో పూడిక తీయించాలని మా ఊరి పటేల్ నిర్ణయించాడు. మా నాన్న గజ ఈతగాడు. ఆయన మునిగి చూసొచ్చి, పడమటి గోడ రాళ్లు నీళ్ల అడుగున ముందుకు ఉబికి ఉన్నాయని, మనుషులు దిగితే మీద పడతాయని చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. పని తప్పించుకోవడానికి కథలు చెబుతున్నాడని రచ్చకట్ట మీద నవ్వుకున్నారు. ఆ నవ్వు నాన్నకు అన్నం సహించనివ్వలేదు.

నాందేడ్‌లో ఫోటో స్టూడియో నడిపే మా చిన్నాయన ఈ సంగతి విని వచ్చాడు. ముందు అద్దం, వెనక మూత ఉన్న ఒక అల్యూమినియం డబ్బా తెచ్చాడు. అందులో కెమెరా పెట్టి మూత బిగిస్తే నీళ్ల కింద కూడా ఫోటో తీయవచ్చట. ఉబికిన గోడ ఫోటోలో కనిపిస్తే ఊరంతా నమ్మక తప్పదన్నాడు. మూతకూ డబ్బాకూ మధ్య గాడిలో నల్లటి రబ్బరు రింగు కూర్చుంటుంది. నీటిని ఆపేది అదొక్కటే.

పొద్దున్నే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ రింగును గోరు తగలకుండా పైకి తీశాడు. పాత మల్లు గుడ్డతో గాడిని తుడిచి, కళ్లు మూసుకుని రింగంతా వేలికొసతో తడిమి చూడమన్నాడు. కంటికి కనబడనిది వేలికి తెలుస్తుందట. బియ్యపు గింజంత గ్రీజు తీసి, రబ్బరు మెరిసేంత మాత్రమే పూయించాడు. నేను ఇంకాస్త పూయబోతే నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఎక్కువైతే దుమ్మంత దానికే అంటుకుంటది బిడ్డా. ఎంటికంత సందు దొరికినా నీళ్లు ఊకోవు."

ఖాళీ డబ్బాను నీళ్ల గంగాళంలో ముంచి, బుడగ రావడం లేదని చూశాక కెమెరా పెట్టి కొక్కేలు బిగించాడు. అన్నానికి లేచాడు.

నాకేమో భయం పట్టుకుంది. నాన్న ఆ నల్లటి నీళ్లలోకి దిగుతాడు. కొత్త బండి కొన్నా, ఇంజను తెచ్చినా మా ఇంట్లో మాహూర్ ఎల్లమ్మ కుంకుమ పెట్టనిదే గడప దాటనివ్వరు. డబ్బాకు ఎవరూ పెట్టలేదు. పైన పెడితే నీళ్లలో కొట్టుకుపోతుందని, నా తెలివి తెల్లారినట్టే ఉంది, కొక్కేలు విప్పి లోపల చిటికెడు చల్లి మళ్లీ బిగించాను.

ఎండ నిలువుగా బావిలో పడే వేళకు నాన్న డబ్బాతో మునిగాడు. పైన అందరం వంగి చూస్తున్నాం. సన్నటి బుడగలు వరుసగా పైకి వచ్చాయి. చిన్నాయన ముఖం మాడిపోయింది. నాన్న తేలేసరికి డబ్బా సగం నీళ్లు. కెమెరా పోయింది, ఫిల్మూ పోయింది.

"ఎల్లమ్మ తల్లే చూడొద్దంటున్నది," అన్నాడు పటేల్. "ఇగ ఫోటో లేదు, గీటో లేదు. రేపు పొద్దుగాల్ల దిగుడే."

"అందరికంటె ముందు నేనే దిగుత," అన్నాడు నాన్న రోషంగా.

ఇది నేను చల్లిన కుంకుమ వల్లేనని నాకు తెలిసిపోయింది. ఆ పూటంతా గడ్డివాము వెనక ముడుచుకుని కూర్చున్నాను. దీపాలు పెట్టే వేళ అమ్మ నాన్నకు పాత పగ్గం తీసి ఇస్తుంటే చూసి ఇక ఉండలేకపోయాను. ఏడుస్తూ వెళ్లి చిన్నాయనకు అంతా చెప్పేశాను.

ఆయన నన్ను ఒక్క దెబ్బ వేయలేదు. చెయ్యి పట్టుకుని, డబ్బాతో సహా పటేల్ ఇంటికి తీసుకువెళ్లాడు. రింగు మీద గ్రీజుకు కుంకుమ ఎర్రగా అంటుకుని ఉంది. పటేల్‌ను కళ్లు మూసుకుని తడమమన్నాడు.

"తాకిందా? ఆపింది అమ్మ గాదు, గీ రవ్వ. పోరి భయంతోటి చల్లింది. నాందేడ్ పోయి ఇంకో కెమెరా తెస్త. గంతదాంక ఎవ్వరూ దిగొద్దు."

పటేల్ వేలికి అంటిన ఎరుపును బొటనవేలితో నలిపి చూసుకున్నాడు. చివరికి సరేనన్నాడు. ఆ రాత్రే నాందేడ్ బండి ఎక్కే ముందు చిన్నాయన రింగు నా చేతిలోనే పెట్టాడు. నేనే తుడిచి, నేనే తడిమి, నేనే గ్రీజు పూయాలట. నేను పూసేంతసేపూ ఆయన తొందరపెట్టకుండా చూస్తూ కూర్చున్నాడు.

ఆయన ఇంకా తిరిగి రానేలేదు. మరునాడు పొద్దున్న, పని మొదలుపెడదామనుకున్న వేళకు, భూమి అదిరినట్టు చప్పుడైంది. పరుగెత్తి వెళ్లి చూస్తే బావికి పడమటి గోడ లేదు. బురద నీళ్లు ఒడ్డు దాకా ఎగిరి పడ్డాయి. నాన్న, ఆయన వెంట దిగాల్సిన ముగ్గురు, ఒడ్డునే నిలబడి ఉన్నారు. నేను నాన్న కాళ్లు పట్టుకుని వదలలేదు.

తర్వాత చాలా ఏళ్లు నాన్న మా మధ్యే ఉన్నాడు, నా పిల్లలకు ఈత నేర్పాడు. ఈ వయసులో కూడా నా చేతిలో ఏదైనా చెడిపోతే, ఎంత సిగ్గైనా సరే, ముందు వెళ్లి చెప్పేస్తాను. ఆ రోజు మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టే దాకా నోరు మూసుకుని కూర్చున్నాను. ఇంకొక్క రాత్రి అలాగే కూర్చుని ఉంటే, మా నాన్నను నేనే చంపుకుని ఉండేదాన్ని.