మాత్రా, చేతి పట్టూ

జ్ఞానదాసు పోర్టులో క్రేన్ నడుపుతాడు. పేగువాపుకు మాత్రలు రాసిన డాక్టరు, "ఇవి పేగు కండరాల బిగింపు తగ్గిస్తాయి" అన్నప్పటి నుంచి అతనికి తన చేతుల మీదే అనుమానం. పేగును సడలించే మందు చేతిని మాత్రం వదిలిపెడుతుందా? పట్టు పోతే ఉద్యోగమే పోతుంది. రోజూ తడి తువ్వాలు పిండి, నీళ్లు నిన్నటికంటే తక్కువ కారాయేమోనని చూసుకుంటాడు. ఈ ఉదయం మాత్ర మానేసి క్రేనెక్కాడు. కంటైనరు గాల్లో ఉండగా కడుపు మెలిపెట్టింది. పళ్లు బిగించి కంటైనరును దించి, నిచ్చెన దిగి పరిగెత్తాడు.

"ఏటి బావా, ఎవడు తరుముతన్నాడు?" అని కిందున్న తోటి పనివాడు అప్పలసూరి నవ్వాడు.

తిరిగొచ్చి మాత్ర మింగాడు. టీ వేళ దాకా ఆగి, అప్పలసూరి చెయ్యి పట్టుకుని నొక్కాడు.

"అబ్బ, నొప్పెడతంది, వదిలీ బావా!"

"నిజంగా నొప్పేనా, నా మనసు కోసం సెప్తన్నావా?" అంటూ జ్ఞానదాసు ఇంకా బిగించాడు.