పదింటి కోడికూత

మా యారాలు పోయిందని నంగునూరు నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "మంచిగ జూసిన్రా?" అని. ఏడుపు తరవాత వచ్చింది. రెండు రోజులుండి వస్తానని తల్లిగారింటికి పోయిన మనిషి, నిద్రలోనే గుండె ఆగి పోయిందట. ఏళ్ల తరబడి ఆమె నొప్పిని నమ్మని నాకు చావును కూడా వెంటనే నమ్మబుద్ధి కాలేదు. మీరు చదివి నన్ను తిట్టుకున్నా సరే, ఉన్నది ఉన్నట్టే చెప్తాను.

యారాలు అంటే మా ఆయన అన్న భార్య. సిద్దిపేటలో మా రెండు సంసారాలకూ ఒకటే ఇల్లు, ఒకటే వంటిల్లు. "అక్కా" అని పిలిచేదాన్నే గానీ ఆ పిలుపులో ఉన్నంత మెత్తదనం నా మనసులో ఉండేది కాదు. ఆమెకు ఒళ్లంతా నొప్పులు. ఒక రోజు మెడ, ఒక రోజు నడుము, ఇంకో రోజు అరికాళ్లు. నొప్పి కూడా కిరాయి ఇళ్లు మారినట్టు మారుతుందా అని నా అనుమానం. ఎక్స్‌రేలో ఏమీ లేదు, రక్తపరీక్షలో ఏమీ లేదు. ఎన్నో దవాఖానలు తిరిగాక ఒక డాక్టరమ్మ దానికి పేరు చెప్పింది, ఫైబ్రోమయాల్జియా అని. ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు. పని ఎగ్గొట్టడానికి ఎంత పెద్ద పేరు దొరికిందీ అనుకున్నాను.

డాక్టరమ్మ రోజుకొక గోలీ రాసింది. అదేం గోలీయో తేల్చుకుందామని చీటీ పట్టుకుని నేనే మందుల దుకాణానికి పోయాను. "గిది మనసు బాగలేనోళ్లకు గూడ ఇస్తరమ్మా" అన్నాడు దుకాణం ఆయన. నాకు అది చాలు. ఇంటికొచ్చి మా ఆయనతో "మీ వదినెకు నొప్పిగాదు, ఏం గాదు. గది వేరే కథ" అన్నాను. ఆ మాట గోడ దాటి ఆమె చెవిన పడింది.

మర్నాడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "నా నరాలు చిన్న చప్పుడును గూడ పెద్దగ ఇనిపిస్తున్నయంట చెల్లే. గీ గోలీ గా చప్పుడును జర తగ్గిస్తదంట. గంతే" అంది. కోపం లేకుండా చెప్పింది. కోపం ఎందుకు లేదా అని నాకు మళ్లీ అనుమానం.

గోలీ ఒక్కటే సరిపోదని డాక్టరమ్మ ఇంకా చాలా చెప్పింది. పొద్దున్నే కోమటి చెరువు కట్ట మీద నడక, మొదట్లో నాలుగడుగులే, తరవాత కొంచెం కొంచెంగా. సాయంత్రం చాయ్ బంద్. రోజూ ఒకే వేళకు పడక. వీటన్నిటికన్నా నన్ను మండించింది అలారం. ఒళ్లు బాగున్న రోజు కూడా పనంతా ఒక్కసారే చేయకూడదట, మధ్యలో ఆగాలట. అందుకని ఫోన్‌లో ఎనిమిదిన్నరకు, పదింటికి, సాయంత్రం ఐదింటికి కోడికూత పెట్టుకుంది. అది కూయగానే చేతిలో ఏ పనుంటే ఆ పని వదిలేసి వంటింటి గడప పక్కన పీట మీద కూర్చునేది. సగం ఊడ్చిన వాకిలి, సగం వేసిన ముగ్గు. మిగతా సగం నా నెత్తిన.

"ఉన్న బలమంత పొద్దుగాల్నే ఒడగొట్టుకోవద్దు చెల్లే, పొద్దుమీకినంక గూడ మనమే బతకాలె గద" అనేది. చెరువు కట్ట మీద నడవగలిగే మనిషికి వాకిలి ఊడ్వడానికి చేతకాదా అని నేను పళ్లు కొరుక్కునేదాన్ని.

ఇప్పుడు మామిడికాయ తొక్కు సంగతి చెప్పాలి. తొక్కు కలిపిన చెయ్యే జాడీకెత్తాలని మా అత్త పెట్టిన పద్ధతి. మధ్యలో చెయ్యి మారితే బూజు పడుతుందని ఆమె నమ్మకం. అత్త పోయాక కూడా మేము తప్పలేదు. కలిపేది ఎప్పుడూ పెద్దకోడలే. ఆ ఏడు ఆమె హుషారుగా ఉంది, మోచేతుల దాకా కారం, నూనె. నాకు పాడుబుద్ధి పుట్టింది. కిటికీలో ఉన్న ఆమె ఫోన్ తీసి పదింటి కూత ఆపేశాను. కోడి కూయకపోతే నొప్పి గుర్తుకొస్తుందా, చూద్దాం అనుకున్నాను.

ఆమెకు వేళ తెలియలేదు. మిట్టమధ్యాహ్నం దాకా కలిపింది, మూడు జాడీలకెత్తింది, మా అత్త ముచ్చట్లు చెప్పి నవ్వించింది. దొంగ దొరికిందని నేను లోలోపల మురిసిపోయాను.

మర్నాడు ఆమె లేవలేదు. ఇక నాటకం మొదలైందనుకున్నాను. మూడో రోజు పొద్దున అన్నం గిన్నె పట్టుకుని పోయి, పిలవకుండా తలుపు సందులోంచి తొంగి చూశాను. ఎవరూ లేనప్పుడు ఎట్లా ఉంటుందో పట్టుకోవాలని. ఆమె మంచం మీద కూర్చుని ఉంది. జారిన కొంగును భుజం మీదికి లాక్కుంది. బట్ట ఒంటికి తగలగానే "అవ్వా" అని పళ్లు బిగబట్టింది. కొంగును రెండు వేళ్లతో పైకెత్తి, ఒంటికి తగలకుండా పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. నూలు చీర కొంగు బరువు ఓర్చుకోలేకపోతోంది. అక్కడ చూసేవాళ్లు ఎవరూ లేరు. ఎవరి కోసం నటిస్తుంది?

గిన్నె గడప మీద పెట్టి వంటింట్లోకి వచ్చి ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చాను. తరవాత ఫోన్ వెతికి పదింటి కూత మళ్లీ పెట్టాను. ఆపింది నేనేనని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. లేచి తిరగడం మొదలుపెట్టాక ఆమె ఒక్కసారే అంది, "గా దినం కోడి ఎందుకో కూయలే" అని. నా వైపు చూడలేదు.

మరుసటి ఎండాకాలం తొక్కులో చెయ్యి పెట్టేముందు ఆమే ఫోన్ తెచ్చి నా చేతికిచ్చింది. "నీ దగ్గర వెట్టుకో చెల్లే. కూస్తే జెప్పు." తెలిసి ఇచ్చిందా, తెలియక ఇచ్చిందా? ఆ ముఖమంతా వెతికాను, ఏమీ అంతుపట్టలేదు. పదింటికి కోడి కూసింది.

"అక్కా, లే" అన్నాను.

"చెయ్యి మారితే తొక్కు ఖరాబైతది గదనే?"

"అయితె కానియ్యి."

ఆమె చెయ్యి పట్టుకుని బయటికి తీసి, నా చెయ్యి పెట్టాను. ఆమె పీట మీద కూర్చుని ఉప్పు ఎంత, మెంతిపిండి ఎంత చెప్తూ పోయింది. బూజు పట్టిందేమోనని నెల రోజులు మూత తీసి చూస్తూనే ఉన్నాను. పట్టలేదు. నొప్పి పోయిందా అని అడిగితే "యాడ వోతది? జర పక్కకు జరిగి నాకింత జాగ ఇచ్చింది" అని నవ్వింది. అప్పుడైనా చెప్పాల్సింది.

ఆమెతో పాటు నంగునూరు నుంచి ఆమె ఫోన్ కూడా ఇంటికి వచ్చింది. ఆరిపోయి ఉన్న దాన్ని ఎవరో చార్జింగ్‌కు పెట్టినట్టున్నారు, పదకొండో రోజు వంటల హడావిడిలో కోడి కూసింది. అందరం ఉలిక్కిపడ్డాం. "బంద్ జెయ్యి వదినె" అంది మా ఆడబిడ్డ కళ్లు తుడుచుకుంటూ. చెయ్యలేదు. ఒకసారి ఆపిన చెయ్యి నాది. ఇప్పుడు రోజూ ఆ ఫోన్‌కు చార్జింగ్ పెడుతున్నాను.

నిన్న జొన్నరొట్టెలు చేస్తుంటే కూసింది. స్టవ్ ఆపి, పిండి చేతులతోనే పోయి గడప పక్కన ఆమె పీట మీద కూర్చున్నాను. నాకు ఏ నొప్పీ లేదు. ఎవరైనా చూస్తే పని ఎగ్గొడుతోందనుకుంటారు, అనుకోనీ. "అక్కా, గా దినం కోడిని ఆపింది నేనే" అని పైకే అన్నాను. ఇంట్లో ఎవరూ లేరు. స్టవ్ పక్కన, నా వేళ్ల అచ్చులతో, సగం తట్టిన రొట్టె అట్లాగే ఆరిపోతోంది.