పిలవకపోయినా వెళ్లగల ఇల్లు

తిరువూరులో నేను కౌన్సెలింగ్ చేసే గదికి ఒక రైస్ మిల్లు యజమాని వచ్చేవారు. ఊళ్లో ఏ సభ జరిగినా వేదిక మీద ఆయనకో కుర్చీ ఉండేది. భార్య పోయాక మాత్రం ఒక్కరే కూర్చుని అన్నం తినలేకపోయేవారు.

"పిలవకపోయినా మీరు వెళ్లగల ఇల్లు ఒకటి చెప్పండి," అన్నాను.

ఆయన వేళ్లు మడుస్తూ రెండు మూడు పేర్లు అనుకుని, తల అడ్డంగా ఊపారు. "వినగడపలో చిన్నప్పటి స్నేహితుడున్నాడండి. మాట్లాడి ఏళ్లయింది."

కారు వదిలేసి షేర్ ఆటోలో వెళ్లమన్నాను. మొదటిసారి వాళ్లు కంగారుపడి కుర్చీ తుడిచి వేశారట. స్నేహితుడు "మీరు" అన్నాడట. ఆయన చిన్నబోయి తిరిగొచ్చారు. మళ్లీ వెళ్లమన్నాను. వెళ్తూనే ఉన్నారు.

ఒకరోజు నవ్వుతూ వచ్చారు. "వాళ్లావిడ నా ముందు చిక్కుడుకాయలు పెట్టి, 'ఊరికే కూర్చున్నారేంటి అన్నయ్యగారూ, కాస్త ఈనెలు తీయండి' అందండి!" అంటూనే ఏడ్చేశారు.

తర్వాత ఆయన నా దగ్గరికి రావడం మానేశారు. నేను కోరుకున్నదీ అదే. అయినా ఆయన వచ్చే బుధవారం సాయంత్రాలు ఇప్పటికీ వెలితిగానే ఉంటాయి. ఈ ఊళ్లో నాకు తెలిసినవాళ్లలో చాలామంది తమ బాధలు చెప్పుకోవడానికి వచ్చినవాళ్లే. బజార్లో ఎదురైతే, వాళ్లు ఇబ్బంది పడకూడదని నేనే ముందు తల తిప్పుకుంటాను.